ఎమ్మెల్యే వచ్చేదాకా విప్పని ఆవులు

కరోనా పోయినాక వచ్చిన రెండో వినాయక చవితికి మా దళానికి పామిడికీ గుత్తికీ నడుమ ఉండే ఒక పల్లెలో మూడు దినాల కథ కుదిరింది. ఊరి పేరు చెప్పను. ఆడ మాకు ఇప్పటికీ చుట్టాలున్నారు, పెండ్లిళ్లకు పోవాల్సి వస్తుంది.

మాది ముగ్గురి బుర్రకథ దళం. నడుమ నిలబడి, తంబూర భుజానికి ఆనించుకుని, వేలికి గల్లుమనే గుల్ల ఉంగరం, అదే అందె, తొడుక్కుని కథ చెప్పేది మా వదిన నాగరత్నమ్మ. ఆమె కథకురాలు, దళానికి పెద్ద. ఆమెకు కుడిపక్క మా అన్న ఎర్రిస్వామి, ఎడంపక్క నేను. మేమిద్దరం వంతలం. వంత అంటే కథకురాలు పాడిన చరణాన్ని అందుకుని తందాన పలికి, గుమ్మెట వాయించే మనిషి. గుమ్మెట మట్టితో చేసిన చిన్న డోలు, చంకలో ఇముడుతుంది.

వంతల్లోనూ హోదాలున్నాయి. మా అన్నది రాజకీయ వంత. లోకంలో జరిగే సంగతులు కథలోకి తెచ్చి చెప్పాల. ఎన్నికలొస్తే మాత్రం ఆయన నోరు తెరిచేవాడు కాదు, అదే అసలు రాజకీయం అనేవాడు. నాది హాస్యపు వంత. చూసేవాళ్లకు మూతి వంకర్లు తిప్పే ఉద్యోగం మాదిరి కనపడుతుంది కానీ, కథ సాగదీయాలన్నా, తొందరగా ఒడ్డుకు చేర్చాలన్నా ఆ బరువు మోసేది హాస్యపు వంతే. నేను చదివింది మూడో తరగతి. విన్న మాట మాత్రం మరిచిపోను. ఆ ఒక్క బలంతోనే జడ తెల్లబడేదాకా ఆ కొలువు చేసినాను. మోకాళ్లు చిందుకు రానన్నప్పుడు మానేసినాను.

ఆ ఊర్లో చెప్పేది సిరిగౌరమ్మ ఆలమంద కథ. ఇది మా మామ కట్టిన కథ, పుస్తకాల్లో దొరకదు. వానల్లేని ఏడు ఒక పాలెగాడు, తన బావి నీళ్లు తాగినాయని ఊరి ఆవులన్నిటినీ కోట దొడ్లో కట్టేయిస్తాడు. సిరిగౌరమ్మ అనే గొల్లామె పోయి అడిగి, అలిగి, ఆఖరికి దొడ్డి వాకిలి తెరిపిస్తుంది. బయటపడిన ఆవుల కాళ్ల దుమ్మే పైకి లేచి మబ్బయి కురిసిందని కథ. మొదటి దినం కరువు, రెండో దినం ఆమె ప్రయాణం, మూడో దినం వాకిలి.

మామూలుగా బుర్రకథ రాత్రి పని. ఆ ఊర్లో, ఆ చుట్టుపక్కల ఊర్లలో ఈ కథ మూడో దినం మాత్రం మధ్యాన్నం చెప్పాల. ఎందుకంటే ఊరోళ్లు తమ ఆవుల్ని తోలుకొచ్చి వినాయకుని పందిరి చుట్టూ గుంజలు నాటి కట్టేస్తారు. దూడల్ని ఇండ్ల కాడనే ఉంచుతారు. కథలో వాకిలి తెరిచినట్లు మా వదిన పాడంగానే ఊరి పెద్ద మొదటి తాడు విప్పుతాడు, ఆ వెంటనే ఎవరి ఆవును వాళ్లు విప్పుకుంటారు. ఆవులు దూడల కోసం ఇంటిదోవ పట్టి పరిగెత్తుతాయి. దుమ్ము నిజంగానే లేస్తుంది. ఆ తర్వాత మేము మంగళం పాడి దిగుతాము. అంతా పాలు పితికే పొద్దుకు ముందే అయిపోతుంది.

దీనికి రెండు కట్టుబాట్లు. కథలో వాకిలి తెరవక ముందు ఏ ఆవునూ విప్పకూడదు. తెరిచినాక మంగళం పాడకుండా దళం దిగకూడదు. రెండింట్లో ఏది తప్పినా వాన రాదని నమ్మకం. వాన రాకపోతే ఆ నింద ఎమ్మార్వో మీదో, మబ్బుల మీదో పడదు, కథ చెప్పిన దళం మీద పడుతుంది. మాకు తెలిసిన ఒక దళం ఏదో కొట్లాటలో మంగళం పాడకుండానే లేచి వచ్చేసింది. ఆ ఏడు వాన రాలేదు. ఆ తర్వాత వాళ్లను ఏ ఊరూ పిలవలేదు. ఆ కథకుడు ఇప్పుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు గుండీలు వేస్తాండాడు. కాబట్టి మూడో దినం మంగళం దాకా చేరడం మాకు భక్తి కాదు, బువ్వ.

ఆ ఏడు చెనిక్కాయ చేలల్లో ఊడలు దిగే అదునుకు వాన మొగం చాటేసింది. మూడో దినం గుంజలు ఎప్పటికంటే ఎక్కువే నాటినారు.

ఊరికి సర్పంచి అనసూయమ్మ. సీటు ఆడోళ్లకు వచ్చినందుకు ఆమె నిలబడింది, గెలిచింది. సర్పంచిగా తిరిగేది, కూర్చునేది, దండలు వేయించుకునేది మాత్రం ఆమె మొగుడు చెన్నారెడ్డి. పందిరి ముందర ఫ్లెక్సీ కట్టించినాడు. దాంట్లో ఎమ్మెల్యే మొగం బండి చక్రమంత, చెన్నారెడ్డిది చాటంత, వినాయకునిది పళ్లెమంత. అనసూయమ్మది కింద మూలలో, ఆధార్ కార్డులో బొమ్మంత. మా దళం పేరు కూడా ఉంది. ఫ్లెక్సీ కొట్టినోని ఫోన్ నంబరు పక్కన వెతికితే దొరికింది.

మేము గజ్జెలు కట్టుకుంటా ఉంటే చెన్నారెడ్డి వచ్చినాడు.

"నాగరత్నక్కా, ఈసారి మొదటి తాడు ఎమ్మెల్యే సారు విప్పుతాడు. సారు వచ్చేదాకా వాకిలి తెరవొద్దు."

"యాడున్నాడు రెడ్డీ సారు?" అని అడిగింది వదిన.

"గుత్తి దాటినాడంట. పది నిమిషాలు."

మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ మాటల అర్థాలు వేరే తెలుసు. లీడరు బయల్దేరినాడు అంటే స్నానానికి నీళ్లు పెట్టుకున్నాడని. గుత్తి దాటినాడు అంటే గుత్తికి ఇంకా రాలేదని. పది నిమిషాలు అంటే కాలానికి సంబంధించిన మాటే కాదు, మర్యాదకు అనేది. వదిన నా మొగం చూసింది. నేను గుమ్మెట సరిచేసుకున్నాను. ఆ మధ్యాన్నం పనంతా నా నెత్తిన పడుతుందని అప్పుడే తెలిసిపోయింది.

కథ ఎత్తుకున్నాము. సిరిగౌరమ్మ కోట కాడికి చేరింది. వాకిలి ఎదురుగా ఉంది, ఎమ్మెల్యే ఎదురుగా లేడు. పందిరి పక్కన చెన్నారెడ్డి ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో పిండి సాగదీసినట్లు మాకు సైగ చేసినాడు. వదిన వేలి అందెను ఆగి ఆగి కొట్టింది. అది మాలో మాకు గుర్తు. ఆగి కొడితే సాగదీయమని, గబగబా కొడితే ముగించమని.

సాగదీయడానికి పద్ధతులున్నాయి. మొదటిది వర్ణన. ఎవరి మీసమో, ఎవరి గుర్రమో పట్టుకుని వదలకుండా చెప్పడం.

"అక్కా, ఆ పాలెగాని మీసం ఎంత పొడుగు?" అని అడిగినాను.

"ఒక కొస పామిడిలో, ఒక కొస గుత్తిలో," అంది వదిన.

"అయితే నడుమ ఉండే ఈ ఊరి ఆడోళ్లు దాని మీదనే బట్టలారేసుకుంటాండారేమో!"

జనం నవ్వినారు. మీసం అయింది, తలపాగా అయింది, పాలెగాని గుర్రానికి దాణా కూడా పెట్టినాము. ఎమ్మెల్యే రాలేదు.

రెండోది చిందు. మాటలు ఆపి ముగ్గురం గుమ్మెట, అందెల మీద అడుగులేయడం. ఒంట్లో శక్తి ఉన్నంత సేపే అది నడుస్తుంది. మా అన్న తొందరగానే ఆయాసపడినాడు.

మూడోది కొత్త మనుషుల్ని పుట్టించడం. అసలు కథలో కోటకు ఒకడే కావలివాడు. ఆ దినం నేను ఒకని వెనక ఒకని పుట్టించినాను. ఒకనికి చెవుడు. ఒకడు నిద్రపోతాండాడు. ఇంకొకడు, పెద్ద కావలివాడు భోజనానికి పోయినాడు, రేపు రమ్మన్నాడు. ఆఖరోడు సిరిగౌరమ్మను రెండు ఫోటోలు, ఆధార్ జిరాక్సు తెచ్చినావా అని అడిగినాడు. దీనికి అందరికంటే ఎక్కువ నవ్వినోళ్లు ఆ వారంలోనే మండల ఆఫీసుకు పోయి వచ్చినోళ్లు.

నవ్వు ఎంతసేపు ఉంటుంది? పొద్దు వాలింది. ఇండ్ల కాడ దూడలు అరవడం మొదలుపెట్టినాయి. ఈడ ఆవులు జవాబు చెప్పినాయి. పొదుగు బిగిసిన ఆవు నిలబడిన చోట నిలబడదు. గుంజల చుట్టూ తిరుగుతా, తాళ్లు మెలిపెట్టుకుంటా, గొంతెత్తి అరుస్తాండాయి. నా గొంతు మైకులో నాకే వినపడలేదు.

ఆడోళ్ల వరసలో నుంచి సుంకమ్మ లేచింది. ఆమె పాల కేంద్రానికి పాలు పోసే మనిషి, కేంద్రం వ్యాను సాయంత్రం వచ్చి ఎవరి కోసమూ నిలబడకుండా పోతుంది.

"ఓ సుబ్బక్కా! మీ పాలెగాడు ఇంగా లేయలేదా? నా ఆవు పొదుగు పగులుతాండాది ఈడ!"

"లేసినాడమ్మా, మొగం కడుక్కుంటాండాడు," అన్నాను నేను.

"మొగం కడగనీకి ఇంత సేపా? చెరువేమన్నా తోడతాండాడా?"

"చెరువుంటే గదమ్మా తోడేది!"

అది కథలో మాటో, ఊరి మాటో ఎవరూ అడగలేదు. చెన్నారెడ్డి మాత్రం అటుపక్క ఫోన్లో ఎమ్మెల్యే పీఏకు చెప్తాండాడు: "సార్, రెడీ సార్. ఆవులన్నీ రెడీ సార్. చానా ఉత్సాహంగా ఉండాయి సార్."

ఒక ఆవు గుంజనే పెరికింది. చెన్నారెడ్డి మనుషులు దాన్ని పట్టి మళ్లీ కట్టినారు. అప్పుడు చూడాల ఊరి అవస్థ. ప్రతి మనిషి చెయ్యీ తన తాడు మీదనే ఉంది, ఒక్కరూ విప్పరు. ముందర కూర్చున్న ఒక ముసలాయన, కథలో వాకిలి తెరవకుండా విప్పితే వాన రాదన్నాడు. ఆయన పక్కనాయన, ఎమ్మెల్యే రాకుండా తెరిస్తే రోడ్డు రాదన్నాడు. వాన కావాలా రోడ్డు కావాలా అని ఇద్దరూ వాదులాడుకున్నారు. రెండింటికీ నడుమ ఆవులు నిలబడినాయి.

మా అన్న పందిరి అంచుకు పోయి, "రెడ్డన్నా, కథనైతే లాగుతాము. ఆవుల్ని ఎట్ల లాగేది?" అని అడిగినాడు.

"ఇంగో ఐదు నిమిషాలు లాగండప్పా. మీకేం పోయింది? నోరే గదా!"

ఆ మాట వదిన చెవిన పడింది. తందాన పలికే సందులో నా పక్కకు ఒరిగింది.

"ఏం చేద్దామే మరదలా?"

"కథ నీది వదినా."

"కథ నాదే. నోరు నీది గదా, ఇప్పుడే ఆయప్ప చెప్పినాడు."

వాకిలి తెరిస్తే చెన్నారెడ్డి ఊరుకోడు. తెరవకపోతే పొద్దుగుంకి, జనం విసిగి ఎవరో ఒకరు తాడు కోస్తారు, కట్టుబాటు తప్పుతుంది, వాన రాకపోతే మా తంబూర అటకెక్కుతుంది. హాస్యపు వంతకు ఒక హక్కుంది. కథ నడుమ ఏ ప్రశ్నైనా అడగొచ్చు, ఎంత తెలివితక్కువదైనా సరే. అందుకే అడిగినాను.

"అక్కా, ఆవులు ఎవరివి?"

"ఊరోళ్లవి."

"దొడ్డి ఎవరిది?"

"పాలెగానిది."

"మరి పాలెగాడు ఎందుకు తెరవడు?"

"వాని పైదొర రావాలంట. పైదొర చేత్తో తెరిపించి మెప్పు పొందాలని కాచుకోనుండాడు."

"అయ్యో రామా! ఆ ఇంట్లో వాడు తప్ప ఇంకెవరూ లేరా అక్కా?"

మా కథలో ఆ ప్రశ్న లేదు. దానికి జవాబూ లేదు. వదిన తంబూర మీటి, అప్పటికప్పుడు కట్టి పాడింది: పాలెగానికి ఒక పెండ్లాం ఉండాదని, దొడ్డి ఆమె పేరు మీదనే ఉండాదని, తాళంచెవి ఆమె కొంగుకే ఉండాదని.

పందిరి కింద మొగాలన్నీ ఒకేసారి ఆడోళ్ల వరసకు తిరిగినాయి. అనసూయమ్మ సుంకమ్మ పక్కనే కూర్చోనుంది. ఆమె ఆవులు కూడా కట్టేసే ఉన్నాయి. వదిన అందెను గబగబా కొట్టి, దొడ్డి వాకిలి తెరిచినట్లు పాడేసింది. అనసూయమ్మ లేచి, కొంగు నడుముకు చెక్కుకుని, మొదటి గుంజ కాడికి నడిచింది. చెన్నారెడ్డి ఫోన్ పక్కకు పట్టుకుని అరిచినాడు.

"ఏయ్, యాడికి? సారు రానీ!"

"కాగితాల మీద సంతకానికి ఆఫీసోళ్లు ఇంటికొచ్చి సర్పంచివి నువ్వే అంటాండారు గదా. ఇదీ సంతకమే అనుకో," అని తాడు విప్పింది.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవులు పోయినాయి. పందిరి గుడ్డ కదిలింది. దుమ్ములో వినాయకుడు కూడా కనపడలేదు.

మేము మంగళానికి శ్రుతి చేసుకుంటా ఉండగానే, ఆ దుమ్ములో నుంచే హారన్లు వినపడినాయి. ఎమ్మెల్యే కార్లు ఊర్లోకి వస్తాండాయి, ఆవులు ఎదురు పోతాండాయి. ఆవులు పక్కకు తొలగలేదు, కార్లే చేలోకి దిగినాయి. ఎమ్మెల్యే తెల్లచొక్కాతో దిగి, నడుచుకుంటా పందిరి చేరేసరికి గోనెపట్టా రంగుకు వచ్చినాడు.

చెన్నారెడ్డి ఆయనకు దండం పెట్టి కుర్చీ చూపించి, ఒక్క అంగలో మా కాడికి వచ్చినాడు.

"నాగరత్నక్కా, కథ వెనక్కి తిప్పు. వాకిలి మళ్లీ మూసెయ్. మనుషుల్ని పంపిస్తాండా, ఆవుల్ని తోలుకొస్తారు."

వదిన జీవితంలో లీడరుతో ఎదురు మాట్లాడింది నేను చూసింది అప్పుడే. "విడిపించిన ఆవుల్ని మళ్లా కట్టేస్తే, నేను కథ చెప్పినట్లా, పాలెగాని కాడ కొలువు చేసినట్లా? మా కథ వెనక్కి నడవదు రెడ్డీ. మంగళం పాడుకోని పోతాము."

"ఎట్ల పాడతావో చూస్తా," అని చెన్నారెడ్డి పోయి మైకుసెట్టు మీద చెయ్యి పెట్టినాడు. మైకు లేకపోయినా పాడొచ్చు కదా అనుకోవచ్చు మీరు. పాడొచ్చు. కానీ మంగళం ఊరంతటికీ వినపడాలని నేమం. చేల కాడ ఉన్నోళ్లకు వినపడకపోతే, పాడలేదనే అంటారు.

నేను కిందికి దిగినాను. హాస్యపు వంత జనంలోకి దిగడం కొత్త కాదు, అది దళం దిగినట్లు లెక్క కాదు. ఎమ్మెల్యే ముందర వంగి దండం పెట్టినాను.

"పైదొరా, వచ్చినావా! నీ కోసమే ఒక తాడు మిగిల్చి పెట్టినాము దొరా."

ఖాళీ గుంజ ఒకటి చూపించినాను. తాడు దానికి చుట్టుకోనే ఉంది. తాడుకు ఆ చివర ఏమీ లేదు. ఎమ్మెల్యే ఏమీ అడగకుండా, అలవాటైన చేత్తో తాడు విప్పినాడు. రిబ్బన్లు కత్తిరించే మనుషులకు అది సులువు. వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు మాత్రం, ఆవు యాడుందని అడిగినాడు.

"పైదొర చెయ్యి తగలంగానే పోయింది నాయనా, అంత వేగం. నువ్వే అందుకోలేకపోయినావు."

జనం విరగబడి నవ్వినారు. జనం నవ్వుతాండారని ఎమ్మెల్యే కూడా నవ్వినాడు. తర్వాత చెన్నారెడ్డి వైపు తిరిగి, మైకు పక్కనే ఉన్నందుకు ఊరంతా వినపడేట్లు అడిగినాడు.

"నన్ను కాచుకోమని ఎవరు చెప్పినారప్పా? నేను నిమజ్జనానికి గదా వస్తానంటి! కథ కానియ్యండి తొందరగా, నాకు ఇంగా రెండు ఊర్లుండాయి."

చెన్నారెడ్డి మైకుసెట్టు మీద నుంచి చెయ్యి తీసినాడు. వదిన మంగళం ఎత్తుకుంది. ఎమ్మెల్యే నిలబడి, ఒక చేత్తో దండం పెట్టి, ఇంకో చేత్తో ఫోన్ చూసుకున్నాడు. చేల కాడికి కూడా వినపడిందని తర్వాత చెప్పినారు.

వినాయకుణ్ణి పెన్నకు తోలినారు. పెన్నలో నీళ్లు లేవు. ఇసకలో గుంట తీసి, ట్యాంకరుతో నీళ్లు పోసి ముంచినారు. మరుసటి దినం పేపర్లో ఫోటో వచ్చింది. ఎమ్మెల్యే చేతిలో తాడు, కింద గోవులకు స్వేచ్ఛ అని రాసినారు. మా మనవరాలు చదివి వినిపించి, గోవులు యాడున్నాయి జేజీ అని అడిగింది. ఇంటికి పోయినాయని చెప్పినాను.

వాన ఆ వారం రాలేదు. పక్క ఊర్లలో పడింది, ఈ ఊర్లో ఆలస్యంగా పడింది. చెనిక్కాయ సగానికి సగం పోయింది. చెన్నారెడ్డి టీ అంగడి కాడ కూర్చుని, కథలో లేని పెండ్లాన్ని చేర్చినందుకే వాన రాలేదని చెప్పి చూసినాడు. సుంకమ్మ అక్కడికే పోయి, ఆవుల్ని పొదుగులు పగిలేట్లు నిలబెట్టినందుకు రాలేదని, మంగళం తన చెవులారా విన్నానని చెప్పింది. ఊరు ఆమె మాటే పట్టుకుంది. నింద మా మీద పడలేదు. ఆవుల్ని నిలబెట్టిన చెన్నారెడ్డి మీదనే పడింది. మరుసటి ఏడు చెన్నారెడ్డి అనంతపురం నుంచి డీజే తెప్పించినాడు. రెండు దినాలు మోగింది. మూడో దినం మధ్యాన్నానికి మాత్రం అనసూయమ్మ మాకే కబురంపింది. డీజేకు దొడ్డి వాకిలి తెరవడం రాదు కాబట్టి. పాలెగాని పెండ్లాన్ని వదిన కథలోనే ఉంచేసింది.

ఆ పనిలో మేము నేర్చుకున్నది ఇది. కథకు పిలవడానికి వచ్చినోళ్లను అంతకుముందు ఎన్ని దినాలు, ఎంత దూరం, అన్నం ఎవరింట్లో అని అడిగేవాళ్లం. ఆ తర్వాత అన్నిటికంటే ముందు, మొదటి తాడు విప్పేది ఎవరు అని అడగడం మొదలుపెట్టినాము. బయట నుంచి వచ్చే పెద్దమనిషి పేరు చెబితే, ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాకనే తంబూర శ్రుతి చేస్తామని, అప్పటిదాకా ఆవుల్ని కూడా తోలుకురావద్దని చెప్పేవాళ్లం. అట్ల చెప్పినాక చాలా ఊర్లకు ఊర్లోనే పెద్దమనిషి దొరికినాడు.